మందు సీసాకు చుట్టిన ధర్మశాస్త్రం

మే 28

చెల్లీ,

క్షేమ సమాచారాలు చివర రాస్తాను, ముందు ఈ సంగతి. మన బూడిదోడికి ఎడమ కన్ను పోయింది. నిన్న పొద్దున నీళ్ళ తొట్టి దగ్గర మీ వదిన తమ్ముడి ఎద్దు, వంకరకొమ్ము అంటారే, అది పొడిచింది. తొట్టికి అటు రెండు, ఇటు రెండు పశువులు నిలబడే చోటుంది. అయినా దానికి మనవాడు నిలబడ్డ చోటే కావాల్సి వచ్చింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, కన్ను దక్కదు, పుండు కాకుండా చూసుకోండి అన్నాడు. ఆయన రాసిన మందు ఇక్కడ దొరకడం లేదు. చీటీ ఇందులో పెట్టాను, కొని పంపు.

ఏడేళ్ళుగా బూడిదోడు దాపల ఎద్దు. దాపల అంటే కాడికి ఎడమ పక్క. పట్నంలో ఉండి మర్చిపోయి ఉంటావు. ఇప్పుడు వాడికి ఎడమ పక్క గట్టు కనబడదు. రెండడుగులు వేసి ఆగిపోతున్నాడు. పోనీ కుడి పక్కకి మారుద్దామంటే, అది వాడి జోడు నల్లోడి చోటు. నల్లోడు చచ్చినా ఎడమ పక్క నడవడు. అంటే పోయింది ఒక కన్ను కాదు, ఒక జత ఎద్దులు. వానలకి ఇంక నెల రోజులు.

పోయిన కన్ను కంటే బావమరిది మాట ఎక్కువ మండింది. పశువు రక్తం కారుతూ నిలబడి ఉంటే, తువ్వాలు భుజాన వేసుకుని తీరిగ్గా వచ్చి, "పశువులన్నాక పొడుచుకోవా బావా?" అన్నాడు. అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అయ్యో అన్న మాటకి వాడి ఇంట్లో కరువొచ్చినట్టుంది. మీ వదినకి అటు మాట్లాడితే తమ్ముడు, ఇటు మాట్లాడితే మొగుడు. అందుకని పశువులతో మాత్రమే మాట్లాడుతోంది.

వచ్చే నెల మొదటి ఆదివారం పాల కేంద్రంలో పెద్దలు కూర్చుంటారు. నువ్వు పొద్దస్తమానం పుస్తకాలు చదివే పనిలో ఉన్నావు కదా, ఇలాంటి వాటికి న్యాయం ఏమిటో వాటిలో ఉంటే రాయి.

మేం క్షేమం. నీ మోకాలు ఎలా ఉంది?

మీ అన్నయ్య

*

జూన్ 2

అన్నయ్యా,

మందు సీసా ఈ పార్సిల్లో ఉంది. రోజుకి మూడుసార్లు రెండేసి చుక్కలు వేయమని షాపువాడు చెప్పాడు. ఎద్దుకి అని చెప్తే వాడు మళ్ళీ చీటీ చూసి, అయితే నాలుగేసి వేయమన్నాడు. దారిలో పగలకుండా కాగితం చుట్టి పంపుతున్నాను.

నేను చదివేది పుస్తకాలు కాదు, పుస్తకాలు కాబోయే ప్రూఫులు. చదవడం అనడం కూడా పెద్ద మాట. దీర్ఘం ఎక్కడ పోయింది, ఒత్తు ఎక్కడ జారింది అని చూడటమే పని. మా ప్రెస్సు యజమాని మొదటి రోజే చెప్పాడు: "అమ్మా, మనం అక్షరాలు దిద్దుతాం, అర్థాలు దిద్దం." ఇరవై ఏళ్ళుగా ఆ మాట మీదే నా కూడు నడుస్తోంది.

ప్రస్తుతం ధర్మశాస్త్రాల మీద ఆరు వందల పేజీల పుస్తకం అచ్చవుతోంది. శిక్ష అనేది మతాల్లో ఎక్కడ పుట్టింది, ఎలా ఎదిగింది అన్నది విషయం. రాసిన పండితుడు గారు రోజూ సాయంత్రం వస్తారు. గొడుగు తలుపు వెనక పెట్టి, నిన్న తీసేయమన్న వాక్యాన్ని మళ్ళీ పెట్టమంటారు. తప్పు అచ్చైన కాగితాలు గది నిండా ఉన్నాయి. ఏది దేనికి చుడుతున్నామో మాకే తెలియదు.

న్యాయం సంగతి నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నాను. పెద్దల దగ్గరికి వెళ్ళకముందే నువ్వు బావమరిది ఇంటికి వెళ్ళు. అరుగు మీద కూర్చో. ఏమీ అనకు. ఊరికే కూర్చుంటే ఎంతటి వాడికైనా అయ్యో అనాలనిపిస్తుంది. వదినని అడిగానని చెప్పు. మోకాలు అలాగే ఉంది, మెట్లు ఎక్కేటప్పుడు తప్ప గుర్తు రాదు.

చెల్లి

*

జూన్ 9

చెల్లీ,

నీ తెలివే తెలివి. ఉత్తరంలో పైకి మెత్తగా రాసి, అసలు మాట మందు సీసాకు చుట్టి పంపావు. ఉత్తరం బావమరిది చేతిలో పడినా ఫరవాలేదని కదూ? మొదట నాకూ అర్థం కాలేదు. కాగితం పారేయబోతుంటే కన్ను అన్న మాట కనబడింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

పాల కేంద్రంలో ఆ కాగితం నేనే నిలబడి చదివాను. "కన్నుకు కన్ను, పంటికి పన్ను, చేతికి చెయ్యి, కాలికి కాలు. దెబ్బ తిన్నవాడికి ఎంత పోయిందో కొట్టినవాడికీ అంతే పోవాలన్నది ఈ శాసనం. ఇది రాజు మాటగా కాక దేవుడి మాటగా లోకంలో నిలిచింది. అయితే" అక్కడితో పేజీ అయిపోయింది.

అచ్చులో ఉన్న మాటకి ఉన్న బరువు నోటి మాటకి ఉండదు. బడిపంతులు ఒక్కడే, "చివర అయితే అని ఉంది కదండీ, ఆ తర్వాత ఏముందో?" అన్నాడు. పాల కేంద్రం పెద్దాయన, పాలలో నీళ్ళు చూసి చూసి అన్నిటినీ అలాగే చూస్తాడు కదా, ఆయన అన్నాడు: "అయితే తర్వాత వచ్చేవన్నీ వకీళ్ళ మాటలు పంతులూ. ముందున్నదే దేవుడి మాట." దాంతో తేలిపోయింది. వంకరకొమ్ముకి ఎడమ కన్ను తీసేయాలి. అంతవరకు దాన్ని పాల కేంద్రం వెనక కొట్టంలో కట్టేయాలి.

బావమరిది లేచి, "ఆ కాగితం అచ్చువేసిన వాడికి పశువులున్నాయా?" అన్నాడు.

బూడిదోడికి పుండు మానుతోంది. మందు మంచిది.

మీ అన్నయ్య

*

జూన్ 13

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. అది నేను పంపిన న్యాయం కాదు, చెత్త కాగితం. సీసాకి ఏది చేతికందితే అది చుట్టాను. పక్కనున్నది లెక్కల పుస్తకం. అది చుట్టి ఉంటే మీరు పాల కేంద్రంలో త్రికోణాలు గీస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ 'అయితే' తర్వాత పేజీ వెతికి పంపుతున్నాను. గీత పెట్టిన చోట చదువు: "అయితే దీన్ని పగ తీర్చుకోమన్న ఆజ్ఞగా చదవడం పొరపాటు. అంతకు ముందు ఒక కన్ను పోతే ఒక ఇల్లు తగలబడేది. ఒక మనిషి పోతే ఒక వంశం పోయేది. ఒక్క కన్నుకు ఒక్క కన్నే, అంతకు మించి వద్దు అంటూ పగ మెడకు కట్టిన పలుపుతాడు ఇది. తర్వాతి కాలపు వ్యాఖ్యాతలు, కన్ను పెరికితే పోయిన కన్ను రాదు కనుక, ఆ కన్ను చేసే పనిని తిరిగి ఇవ్వడమే కన్నుకు కన్ను అన్నారు."

పండితుడు గారిని కూడా అడిగాను, అసలు సంగతి చెప్పకుండా. ఇంకా పాత శాసనాల్లో అయితే నష్టానికి పరిహారం ఇచ్చుకుని ఇంటికి పోయేవారట. కన్ను తీయడం ఆ తర్వాత వచ్చిన తెలివి. రోజులు గడిచే కొద్దీ మనిషి మెత్తబడతాడని నేను అనుకునేదాన్ని. ఆయన గొడుగు తీసుకుంటూ, "మనిషి అన్నివైపులా పెరుగుతాడమ్మా" అన్నారు.

ఈ పేజీ పెద్దలందరికీ చదివి వినిపించు. ఎద్దుని వదిలేయమను.

చెల్లి

*

జూన్ 20

చెల్లీ,

రెండో పేజీ చదివాను. దానితో పని ఇంకా గట్టిపడింది.

"ఒక్క కన్నుకు ఒక్క కన్నే, మించి వద్దు" అని రాగానే పెద్దాయన బల్ల చరిచి, "మనం అన్నదీ ఒక్క కన్నే కదా! రెండోదాని జోలికి పోయామా?" అన్నాడు. పాల కేంద్రం గుమాస్తా అయితే, మనం తెలియకుండానే ధర్మం తప్పలేదని సంబరపడ్డాడు. తాము ఇంత దయగలవాళ్ళమని అప్పటిదాకా వాళ్ళకీ తెలియదు. వ్యాఖ్యాతల మాట చదివేసరికి అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఎవరూ వినలేదు.

ఆ పేజీని బావమరిది అడిగి పట్టుకుపోయాడు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నిలబడి, అదే పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చూపించాడు. వేరే శాస్త్రంలో, ఏ అవయవంతో నేరం చేస్తే ఆ అవయవానికే శిక్ష అని ఉందట. "పొడిచింది కొమ్ముతో కదా బావా, కంటితో కాదు కదా. రంపం నేనే తెస్తా, కొమ్ము కొస కోసుకో" అన్నాడు. కొమ్ము కొస కోస్తే దానికి గోరు కత్తిరించినట్టు ఉంటుంది. నేను ఒప్పుకోలేదు. ఇంత జరిగినా వాడు ధర్మశాస్త్రం వెతికాడు గానీ ఒక్క అయ్యో వెతకలేదు.

ఇక తీసేది ఎవరన్నది తేలడం లేదు. డాక్టరు, "నా దగ్గర కన్ను నిలబెట్టే మందుంది, తీసే మందు లేదు" అని సైకిలెక్కాడు. పోగొట్టుకున్నవాడే తీయాలని పెద్దాయన తేల్చాడు. కమ్మరి సన్నటి ఊచ ఒకటి చేసిచ్చాడు. దాన్ని గూట్లో పెట్టాను. మీ వదిన దాంతో పొయ్యిలో నిప్పులు కదుపుతోంది. అడిగితే, "ఊరికే పడుందని" అంది. ఇరవై రోజుల పైన అయ్యాక ఆమె నాతో అన్న మొదటి మాట అదే.

జూలై పదో తారీఖు ముహూర్తం లాగా పెట్టారు. వంకరకొమ్ము కొట్టంలో బాగానే ఉంది. ఊరంతా తలో మోపు గడ్డి వేస్తున్నారు, ముద్దాయి కదా, చిక్కిపోతే మాట వస్తుందని. నిగనిగలాడుతోంది.

మీ అన్నయ్య

*

జూన్ 24

అన్నయ్యా,

నీ చేత్తో నువ్వు ఒక పశువు కన్ను తీస్తావంటే నేను నమ్మను. చిన్నప్పుడు నా కాల్లో ముల్లు తీయమంటే కళ్ళు మూసుకున్న మనిషివి. నువ్వు తీయలేవు, తీయనని చెప్పలేవు. మధ్యలో ఆ ఎద్దు.

సరిగ్గా మీ తగువుకే సరిపోయే పేజీ నిన్న నా బల్ల మీదికొచ్చింది. ఈసారి చెత్త కాగితం కాదు, దిద్దిన మంచి ప్రతి అడిగి తీసుకున్నాను. చాలా పాత శాసనాల్లో పొడిచే ఎద్దు మీద విడిగా ధర్మం ఉందట, రాతి మీద చెక్కించిన రాజు దగ్గరా ఉంది, దేవుడి పేరున చెప్పినవాళ్ళ దగ్గరా ఉంది. చూడు: "పొడిచే గుణం లేని ఎద్దు మొదటిసారి పొడిస్తే యజమానిది తప్పు కాదు. అది పొడుస్తుందని ముందే తెలిసి, తెలిసీ ఊరుకున్నవాడిదే దోషం. అప్పుడు శిక్ష ఎద్దుతో ఆగదు."

ఇంకేం కావాలి? వంకరకొమ్ము మీ బావమరిది దగ్గరున్న ఈ మూడేళ్ళలో ఎవరినైనా పొడిచినట్టు నువ్వు ఒక్కసారీ రాయలేదు. దానికిది మొదటి తప్పు. వాడికి తెలియదు. కాబట్టి వాడూ బయటపడతాడు, ఎద్దూ బయటపడుతుంది, నీ చేతికి ఊచా తప్పుతుంది. పెద్దాయనకి ఇది దేవుడి మాటే, దీని చివర 'అయితే' లేదు.

వెంటనే చదివి వినిపించు. ఏమన్నారో రాయి.

చెల్లి

*

జూలై 1

చెల్లీ,

ఉత్తరం అందింది. మొన్న రెండు జల్లులు పడ్డాయి. మట్టి ఇంకా లోపల పొడిగానే ఉంది. పై చేను వాళ్ళు తొందరపడి నాగలి కట్టి, పెళ్ళలు లేపుకున్నారు. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నాను. మీ వదిన కులాసా.

నువ్వు పంపిన పేజీ దారిలో తడిసిపోయింది. చదవడానికి రాలేదు. మళ్ళీ పంపనక్కర్లేదు.

మీ అన్నయ్య

*

జూలై 5

అన్నయ్యా,

నా ఉత్తరం తడవకుండా, దాని మడతలో పెట్టిన పేజీ ఒక్కటే తడిసిందా? మీ ఊరి వాన కూడా చదువుకున్నట్టుంది.

రెండు రోజులు ఆలోచించాను. వంకరకొమ్ము అన్న పేరు వాళ్ళింట్లో పెట్టిన పేరు కదా. అంతకు ముందు దాని పేరేమిటి? మన ఇంట్లో ఎర్ర కోడె ఒకటి ఉండేది. ఎడమ కొమ్ము లోపలికి వంగి ఉండేది. నాన్న పక్కటెముక విరిచింది అదే. గడ్డివామి మీంచి జారి పడ్డానని నాన్న ఊళ్ళో అందరికీ చెప్పాడు. నేను చూడటానికి వస్తే మాత్రం, వీపు తిప్పి చూపించి, "కోడె మంచిదేనే, నేనే దాని దారికి అడ్డం వెళ్ళాను" అన్నాడు. ఆ తర్వాత నువ్వు రాశావు, పాడి ఆవుకి మార్పిడిగా కోడెని ఇచ్చేశాను, చాలా దూరం పంపేశాను అని. నేను ఊరొచ్చి మూడేళ్ళు దాటింది, నమ్మాను. చాలా దూరం అంటే గోడ అవతలికా?

నేను ఎవరికీ రాయను. వదినకి కూడా రాయను. కానీ ఆ పేజీని నేను రెండుసార్లు దిద్దాను. "తెలిసీ ఊరుకున్నవాడిదే దోషం" అన్న దగ్గర నాకు ఒక్క అక్షరం తప్పూ కనబడలేదు.

పదో తారీఖు శుక్రవారం వచ్చింది.

చెల్లి

*

జూలై 14

చెల్లీ,

ఇది తీరిగ్గా రాస్తున్నాను. చేతులకి బొబ్బలు లేచాయి, అక్షరాలు వంకరగా ఉంటే దిద్దుకుని చదువుకో.

శుక్రవారం పొద్దున పాల కేంద్రం ముందు అందరూ చేరారు. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు కూడా క్యాన్లు పక్కన పెట్టి ఆగారు. వంకరకొమ్ముని తెచ్చి స్తంభానికి కట్టారు. అంత గడ్డి తిన్నాక దానికి ఎవరి మీదా కోపం లేదు. నేను ఊచ పట్టుకుని దగ్గరికి వెళ్ళాను. అది నా మణికట్టు నాకింది. చెమట ఉప్పు కోసం, ఇంకేమీ కాదు. దాని కన్ను దగ్గర నుంచి చూస్తే అందులో నేను, ఊచ, వెనక పాల కేంద్రం అన్నీ కనబడుతున్నాయి.

పెద్దాయన, "ఎవరికైనా చెప్పేదేమైనా ఉందా?" అన్నాడు. ఊరికే మాటవరసకి. నేను జేబులోంచి నీ పేజీ తీశాను. ధర్మం మీద భక్తితో కాదు. ఊచ కింద పెట్టాలంటే చేతికి వేరే పని కావాలి కదా. చదివాను. "తెలిసీ ఊరుకున్నవాడిదే" దాకా వచ్చి ఆగిపోయాను. బావమరిది ముఖం వెలిగిపోయింది. "విన్నారా? నాకేం తెలుసు? మూడేళ్ళలో ఈగ వాలినా పొడవలేదు!" అన్నాడు.

"నీకు తెలియదు, నాకు తెలుసు" అన్నాను. నాన్న సంగతి చెప్పాను. గోడ అవతలికి తోలుకెళ్ళిన రోజు దాని గుణం గురించి నోరు విప్పలేదని చెప్పాను. క్యాను మూత ఒకటి దొర్లింది.

అప్పుడు బావమరిది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "నాకూ తెలుసులే బావా" అన్నాడు.

"ఏం తెలుసురా?"

"సాధువైన ఎద్దుని రెండు పలుపులేసి ఎవడైనా తోలుకొస్తాడా? నువ్వు రెండేశావు. పైగా దారంతా దాని మొహం వైపు నడవలేదు. తోక వైపు నడిచావు. లాగుడు బాగుందని నేనూ ఊరుకున్నా."

డాక్టరు దగ్గి, నాన్న వీపు మీద ఆనాడు ఉన్నది గడ్డిపోచ గీతలు కాదు, కొమ్ము గుంట అని, ఆ రోజు కంపౌండరు రాకపోతే కట్టు కట్టింది తానేనని చెప్పాడు. పెద్దాయన్ని అయితే అది ఒకసారి పాల క్యాన్ల మీదికి ఎక్కించిందట. గుమాస్తా చూశాడట. చూసి నవ్వితే, ఈ సంగతి ఇద్దరి మధ్యే ఉంచమని పెద్దాయన అన్నాడట. బడిపంతులు కాగితం నా చేతిలోంచి తీసుకుని ఇంకోసారి చదివి, "అయితే ఇక్కడ దోషి కానివాడు ఎద్దొక్కటే" అన్నాడు. అతనికి ఆ మాట మీద ఎంత ప్రేమో.

ఇంతలో వాన అందుకుంది. అందరం లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాం. అందరూ దోషులైతే శిక్ష ఎవరు వేయాలి, ఎవరికి వేయాలి, దోషం పంచుకుంటే తగ్గుతుందా పెరుగుతుందా అని రెండు గంటలు వాదించుకున్నాం. బయటికొచ్చి చూస్తే స్తంభం దగ్గర ఎద్దు లేదు.

నా చేలో ఉంది. మీ వదిన నాగలి మేడి పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో, దున్నుతోంది. కాడికి దాపల వంకరకొమ్ము, వలపల, అంటే కుడి పక్క, బూడిదోడు. గుడ్డి కన్ను లోపలి వైపు. అటు చూడాల్సింది వంకరకొమ్ము చూస్తోంది. మొదటి చాలులో ఒకదాన్నొకటి నెట్టుకున్నాయట, రెండో చాలుకి అలిసిపోయాయట. నేనూ బావమరిదీ గట్టు మీద నిలబడ్డాం. ఆమె ఆపకుండానే అంది:

"కన్ను పోయినవాడి పక్కన కన్నున్నవాణ్ణి కట్టాను. కన్నుకు కన్ను. ఇంకేమైనా కావాలా మీకు?"

"నీకెలా తోచిందే?" అన్నాను.

"నెల రోజుల నుంచి మీరు కాగితాలు చూస్తున్నారు. నేను ఎద్దుల్ని చూస్తున్నాను." చాలు చివర నాగలి తిప్పి, "ఆ కోడె సంగతి నాకు తెలియదనుకున్నావా? మామగారికి కాపడం పెట్టింది ఎవరు? సొంత తమ్ముడికి చెప్పకుండా మూడేళ్ళు ఊరుకున్నాను. నా శిక్ష నేనే వేసుకుని దున్నుతున్నాను. ఇక దిగండి, మీ వంతు" అంది.

వంకరకొమ్ము బావమరిది దాపల ఎద్దు, అది మా కాడికి వచ్చేసింది కాబట్టి ఈ ఒక్క జతతోనే రెండు చేలూ అవ్వాలి. ఒక రోజు మాకు, ఒక రోజు వాళ్ళకి. మేడి ఒకడు పడితే ఇంకొకడు ముందు నడవాలి. రోజంతా వాడి మొహం నేను, నా మొహం వాడు చూస్తూ ఉండాలి. ఏ శాస్త్రంలోనూ ఇంత కఠినమైన శిక్ష ఉండదు. నిన్న సాళ్ళ మధ్యలో బూడిదోడు తడబడితే వాడు మెడ నిమిరి, "అయ్యో" అన్నాడు. నాతో కాదు, ఎద్దుతో. లెక్కలోకి వేసుకున్నాను.

మీ అన్నయ్య

*

ఆగస్టు 20

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు. వదినకి దణ్ణం పెట్టానని చెప్పు. పండితుడు గారి ఆరు వందల పేజీల్లో పదిమంది వ్యాఖ్యాతలున్నారు. ఒక్కడూ నాగలి పట్టినట్టు లేదు.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. తప్పో కాదో నువ్వే చెప్పాలి. ఓ సాయంత్రం వాన వల్ల పండితుడు గారు ప్రెస్సులోనే ఆగిపోయారు. మాటల్లో, నవ్వుకుంటారని ఈ ఎద్దుల కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. పొడిచిన పశువుని పొడిపించుకున్న పశువు గుడ్డి వైపున కట్టడం, అంతేనా, అని రెండుసార్లు అడిగారు. నిన్న కొత్త ప్రూఫు వచ్చింది. నాలుగు వందల పన్నెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో:

"కొన్ని వ్యవసాయ గ్రామాలలో ఈ ధర్మం నేటికీ ఆచరణలో ఉన్నది. పొడిచిన ఎద్దును, కన్ను పోగొట్టుకున్న ఎద్దుకు గుడ్డి వైపున కాడి కట్టుదురు. ఈ ఆచారము అతి ప్రాచీనమైనది. లిఖిత శాసనముల కంటె పూర్వపుదని ఊహింపదగును."

నేను వెళ్ళి, అయ్యా, ఇది పోయిన నెల మా వదిన చేసిన పని అన్నాను. ఆయన జాలిగా చూశారు. "అమ్మా, మీ వదినగారికి అది ఎలా తోచిందంటారు? రక్తంలో ఉంటేనే కదా! చేసేవాళ్ళకి తాము చేసేది ఎంత పాతదో తెలియదు" అన్నారు. యజమాని వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండానే, "అక్షరాలు" అన్నాడు.

'ఊహింపదగును'లో దీర్ఘం పోయింది. అది దిద్ది పంపేశాను. తెలిసీ ఊరుకున్నాను. ఆ లెక్కన నా పేరు కూడా మీ పాల కేంద్రం జాబితాలో రాయించు.

బూడిదోడి రెండో కంటికి కూడా జాగ్రత్త అని షాపువాడు ఇంకో మందిచ్చాడు. పార్సిల్లో ఉంది.

చెల్లి

*

సెప్టెంబర్ 3

చెల్లీ,

మందు చేరింది. దాంతో పాటు నాలుగు వందల పన్నెండో పేజీ కూడా చేరింది. ఇంత జరిగాక కూడా సీసాకి దాన్నే చుట్టావు. చేతికందింది చుట్టానని మాత్రం రాయకు.

నేను దాచేలోపే బావమరిది చూశాడు. పాల కేంద్రానికి పట్టుకుపోయాడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివి, "అవును, మా తాత చెప్పేవాడు. పూర్వం ఇలాగే కట్టేవారట" అన్నాడు. గుమాస్తాకి కూడా వాళ్ళ అవ్వ చెప్పినట్టు లీలగా గుర్తుందట. కమ్మరి అయితే, ఆ పద్ధతికి వేరే కాడి ఉండేదని, ఒక పక్క కాస్త పొడుగ్గా చేసేవారని, కావాలంటే చేసిస్తానని బేరం పెట్టాడు. పేజీకి అట్ట అంటించి పాలధరల పట్టీ పక్కన గోడకి కొట్టారు.

పోయిన వారం మిల్లు వాళ్ళ కుక్క టైలరు పిక్క పట్టుకుంది. పాత ధర్మం ప్రకారం, ఆ కాలు మానేదాకా ఆ కుక్క టైలరు ఇంటికి కాపలా కాయాలని తీర్పైంది. టైలరు వద్దు మొర్రో అంటున్నాడు, వినేవాళ్ళు లేరు. ఆచారం ఆచారమే అంటున్నారు.

మీ వదినకి ఇదంతా చెప్తే, "నేను ఎప్పుడో పుట్టాల్సింది" అని గడ్డి వేయడానికి వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం పెద్దాయన అందరి ముందూ నన్ను అడిగాడు, మీ నాన్న కూడా ఒకసారి ఇలా కట్టాడు కదా, ఎర్రది, తెల్లది, గుర్తుందా అని. లేదని చెబుదామని నోరు తెరిచాను. అందరూ నా వైపే చూస్తున్నారు. గోడ మీద అచ్చుకాగితం ఉంది.

ఉన్నట్టే ఉంది, అన్నాను. ఇవాళ పొద్దున్నుంచి నాకూ కొంచెం కొంచెం గుర్తొస్తోంది.

ఈసారి మందు పంపితే తెల్ల కాగితంలో చుట్టు.

మీ అన్నయ్య